వివాహిత విద్యార్థిని, విద్యా సహాయం – చట్టం, షరీఅత్ దృష్టిలో

విద్యాభ్యాసానికి ధనసహాయం చేసేవారు, ప్రభుత్వమైనా బైతుల్ మాల్ అయినా, ముందుగా ఒక ప్రశ్న వేసుకొనక తప్పదు. సహాయం కోరుతున్న వ్యక్తి నిజంగా అవసరంలో ఉన్నదా? దీనిని తేల్చుటకు ఆదాయాన్ని చూస్తారు. అయితే ఎవరి ఆదాయం? పెండ్లికాని విద్యార్థిని విషయంలో తల్లిదండ్రులదని వెంటనే చెప్పవచ్చును. పెండ్లి అయిన తరువాత? ఆమెను తండ్రి ఇంటి మనిషిగా లెక్కించవలెనా, భర్త ఇంటి మనిషిగా లెక్కించవలెనా, లేక తనకంటూ ఒక లెక్క ఉన్న వ్యక్తిగా చూడవలెనా? పైకి ఇది కార్యాలయాల దరఖాస్తులో ఒక గడికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించును. కాని ఆ గడిలో వ్రాసే అంకెపై ఒక ఆడపిల్ల చదువు నిలుచుటయో, ఆగిపోవుటయో ఆధారపడి ఉన్నది.

హైదరాబాద్ ఉత్తర శివారులోని కుత్బుల్లాపూర్ ప్రాంతంలో ఈ ప్రశ్న అరుదైనది కాదు. సూరారం, గాజులరామారం, షాపూర్ నగర్, జగద్గిరిగుట్ట మొదలైనవి జీడిమెట్ల పారిశ్రామికవాడను ఆనుకొని పెరిగిన కార్మిక వాడలు. 2007లో కుత్బుల్లాపూర్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసినది. 2016 అక్టోబరులో ఈ మండలం రంగారెడ్డి జిల్లా నుండి విడివడి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరినది. మేడ్చల్, శామీర్‌పేట పల్లెల నుండి, దూరపు జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఇక్కడ అనేకం. ఇటువంటి ఇండ్లలో ఆడపిల్ల ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో చేరే వయస్సు, సంబంధాలు చూసే వయస్సు ఒక్కటే. చట్టప్రకారం 18 సంవత్సరాలు నిండిన యువతి వివాహం చేసికొనవచ్చును. డిగ్రీ చదువు పూర్తి అగుటకు మాత్రం సాధారణంగా 20 లేక 21 వచ్చును. ఈ రెండు మూడేండ్ల మధ్యకాలంలోనే సమస్య తలెత్తుచున్నది.

రెండు రకాల నిబంధనలు

వివాహం కారణంగా విద్యా సహాయానికి అడ్డువచ్చే నిబంధనలు రెండు విధాలు. ఒకటి, వివాహితులను పూర్తిగా బయటికి నెట్టివేసేది. రెండవది, బయటికి నెట్టకపోయినా, వివాహాన్ని బట్టి లెక్కను మార్చివేసేది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడుట వలన చర్చ తరచుగా దారి తప్పును గనుక విడివిడిగా చూడవలెను.

మొదటి దానికి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉన్నది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాసంస్థల సొసైటీ నడిపే మహిళా డిగ్రీ కళాశాలలలో చదువు, వసతి, భోజనం ఉచితం. 2017-18 విద్యా సంవత్సరపు ప్రవేశాల ప్రకటనలో అవివాహిత యువతులు మాత్రమే అర్హులని పేర్కొనబడినది. 2017 మార్చిలో ఈ విషయం పత్రికలలో వచ్చి దుమారం రేగినది. భర్తలు వసతిగృహానికి వచ్చిపోతుంటే ఇతర విద్యార్థినుల మనస్సు చదువు మీద నిలువదన్నది అధికారుల నుండి వచ్చిన సమాధానం. బాల్య వివాహాలను నిరుత్సాహపరచుటకు ఇది తోడ్పడునన్న వాదం కూడా వినిపించినది. మహిళా సంఘాలవారు దీనిని ఖండించారు. చిన్న వయస్సులోనే పెండ్లి జరిగిపోయిన పేద బాలికకు చదువు ఒక్కటే మిగిలిన ఆసరా కాగా, ఆ ఆసరాను తీసివేయుట వలన జరిగిన పెండ్లి రద్దు కాదు. బాలికకు శిక్ష మాత్రం పడును. బాల్య వివాహం చేసిన పెద్దలను 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం శిక్షించును. పెండ్లి చేయబడిన బాలికను దోషిగా చూడమని ఆ చట్టం చెప్పలేదు.

రెండవ రకం నిబంధన ఇంత స్పష్టంగా కంటికి కనబడదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనాలు ఇచ్చుటకు కేంద్ర ప్రభుత్వం రూపొందించిన పథకాలున్నవి. వీటిలో పాతదైన షెడ్యూల్డు కులాల పథకం 1944 నాటిది. ఈ పథకాల నియమావళిలో చాలాకాలంగా ఒక వివరణ ఉంటూ వచ్చినది. తల్లిదండ్రులలో ఎవరు జీవించి ఉన్నా వారి ఆదాయాన్నే లెక్కించవలెను; కుటుంబంలో ఇతరులు సంపాదిస్తున్నా లెక్కించరాదు; అయితే ఉద్యోగం లేని వివాహిత విద్యార్థిని విషయంలో భర్త ఆదాయాన్ని లెక్కించవలెనని దాని సారాంశం. వివాహితుడైన విద్యార్థి విషయంలో భార్య ఆదాయం గురించి అందులో ఒక్క మాట లేదు. భర్త మరణించిన విద్యార్థిని ప్రస్తావన ఉన్నది గాని, విడాకులు పొందిన స్త్రీ ప్రస్తావన లేదు.

లెక్కలో తేడా ఎంత?

ఈ వివరణ ఆచరణలో ఎట్లా పనిచేయునో తెలిసికొనుటకు ఒక ఊహాజనితమైన కుటుంబాన్ని తీసికొందము. సూరారంలో దర్జీపని చేసే తండ్రి ఏడాదికి 1,20,000 రూపాయలు సంపాదిస్తున్నాడు. ఆయన కుమారుడు పి.జి., కుమార్తె డిగ్రీ చదువుతున్నారు. ఇద్దరికీ వివాహాలయినవి. కుమార్తె భర్త జీడిమెట్ల కర్మాగారంలో నెలకు 22,000 చొప్పున ఏడాదికి 2,64,000 తెచ్చుకొనుచున్నాడు. కుమారుని భార్య ఒక ఆసుపత్రిలో నర్సుగా నెలకు 25,000 చొప్పున ఏడాదికి 3,00,000 తెచ్చుకొనుచున్నది. ఆదాయ పరిమితి 2,50,000 రూపాయలు అనుకొందము.

అన్నకు తండ్రి ఆదాయమే లెక్క. 1,20,000 గనుక అర్హుడు. భార్య తెచ్చే 3,00,000 ఎవరూ అడుగరు. చెల్లెలికి భర్త ఆదాయం లెక్క. 2,64,000 గనుక అనర్హురాలు. ఆ భర్త తన జీతంలోనే ముసలి తల్లిదండ్రులను, చదువుకొనే తమ్ముని పోషించవలసి ఉండవచ్చును. అతడు భార్య ఫీజు కట్టుటకు ఇష్టపడవచ్చును, పడకపోవచ్చును. ఒకే కడుపున పుట్టి, ఒకే ఇంట పెరిగి, ఒకే విధంగా వివాహమాడిన ఇద్దరిలో ఒకరికి సహాయం నిలిచినది, ఒకరికి పోయినది. తేడా స్త్రీ, పురుషుడు అన్నదే.

ఈ నిబంధన ప్రతి స్త్రీకీ నష్టమే కలిగించునని చెప్పుట సరికాదు. ధనికుని కుమార్తె పేదవాని చేపట్టినప్పుడు ఆమెకు దీనివలన లాభమే కలుగును. అందుచేత దీనిలో చూడవలసినది లాభనష్టాలు మాత్రమే కాదు. స్త్రీ ఆర్థిక స్థితి ఎప్పుడూ ఆమెను పోషించే పురుషుని స్థితియేనన్న భావన ఇక్కడ నియమంగా మారినది. పురుషుని విషయంలో ఆ భావన లేదు.

ఇంకొక వైపరీత్యం గమనించదగినది. 2014 అక్టోబరు 2 నుండి తెలంగాణలో అమలులోకి వచ్చిన షాదీ ముబారక్ పథకం క్రింద పేద ముస్లిం యువతి వివాహానికి ప్రభుత్వం ధనసహాయం చేయుచున్నది. ఆరంభంలో 51,000 రూపాయలున్న ఈ మొత్తం 2018లో 1,00,116 రూపాయలకు పెరిగినది. ఇక్కడ చూసేది యువతి తల్లిదండ్రుల పేదరికాన్ని. అంటే పెండ్లి ఖర్చుకు తండ్రి పేదరికం చాలును. ఆ పెండ్లి తరువాత కాలేజీ ఖర్చుకు అదే పేదరికం చాలదన్నట్లుగా పైన చెప్పిన వివరణ ఉన్నది.

రాజ్యాంగం, న్యాయస్థానాలు

భారత రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులని చెప్పుచున్నది. 15వ అధికరణం మొదటి భాగం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అనే కారణాలతో రాజ్యం వివక్ష చూపరాదని నిషేధించుచున్నది. ఈ జాబితాలో ‘వివాహ స్థితి’ అన్న మాట లేదు. అందువలన వివాహం కారణంగా జరిగే వివక్షను ప్రశ్నించేవారు రెండు మార్గాలలో నడువవలసి వచ్చుచున్నది. ఆ వర్గీకరణకు హేతువు లేదని 14వ అధికరణం క్రింద చూపుట ఒకటి. ఆ నిబంధన స్త్రీ పురుషుల మధ్య తేడా చూపుచున్నదని 15వ అధికరణం క్రింద చూపుట రెండవది.

సుప్రీం కోర్టు తీర్పులు ఈ మార్గంలో క్రమంగా నడిచినవి. 1965లో బొంబాయికి చెందిన ఒక ఔషధ సంస్థలో పెండ్లికాగానే స్త్రీల ఉద్యోగం ముగియునన్న నిబంధన విచారణకు రాగా, వివాహితలు ఎక్కువగా సెలవులు పెట్టుదురన్న వాదనను కోర్టు అంగీకరింపలేదు. 1979లో విదేశాంగ సేవకు చెందిన సి.బి. ముత్తమ్మ కేసులో, స్త్రీ అధికారి వివాహానికి ముందు ప్రభుత్వ అనుమతి పొందవలెననే నియమాన్ని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీవ్రంగా విమర్శించారు. పురుష అధికారికి లేని ఆంక్ష స్త్రీకి ఎందుకన్నదే ఆ విమర్శలోని ప్రశ్న. 1981లో ఎయిర్ ఇండియా విమాన పరిచారికల కేసులో మాత్రం కోర్టు సగం దూరమే నడిచినది. మొదటి గర్భంతోనే ఉద్యోగం పోవుననే నిబంధనను కొట్టివేసి, ఉద్యోగంలో చేరిన నాలుగేండ్లలోపు వివాహం చేసికొనరాదన్న నిబంధనను నిలిపి ఉంచినది. 2024 ఫిబ్రవరిలో, వివాహం చేసుకొన్న కారణంగా 1988లో సైనిక నర్సింగ్ సేవ నుండి తొలగింపబడిన అధికారిణికి 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వవలెనని ఆదేశించుచు, అటువంటి నియమం నిరంకుశమైనదని సుప్రీం కోర్టు స్పష్టం చేసినది.

ఇవి ఉద్యోగాలకు సంబంధించిన తీర్పులు. విద్యా సహాయానికి వీటి తర్కం ఎందుకు వర్తించదో చెప్పుట కష్టం. స్త్రీల కొరకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు 15వ అధికరణం మూడవ భాగం అనుమతించుచున్నదని ఎవరైనా అనవచ్చును. ఆ అనుమతి స్త్రీకి మేలు చేయుటకే గాని, పురుషునికి ఉన్నదానిని ఆమెకు తగ్గించుటకు కాదు.

చట్టంలోనే మరొక చోట వేరే సూత్రం ఉన్నది. కులం జన్మతో వచ్చును, వివాహంతో మారదని 2018లో సునీతా సింగ్ కేసులో సుప్రీం కోర్టు పునరుద్ఘాటించినది. వెనుకబడిన తరగతులలో సంపన్న శ్రేణిని నిర్ణయించునప్పుడు వివాహిత విషయంలో భర్త స్థితిని కాక తల్లిదండ్రుల స్థితినే చూడవలెనని కేంద్ర సిబ్బంది శాఖ 2004లో వివరణ ఇచ్చినది. రిజర్వేషన్ లెక్కలో ఆమె తండ్రి కూతురు. ఉపకార వేతనం లెక్కలో భర్త భార్య. ఒకే దరఖాస్తుదారు రెండు కాగితాలపై ఇద్దరు మనుషులగుచున్నది.

ఇతర దేశాలలో

అమెరికాలో 1972 నాటి విద్యా సవరణ చట్టం తొమ్మిదవ భాగం, దాని క్రింద 1975లో వెలువడిన నియమాలు ఈ విషయాన్ని నేరుగా పట్టించుకొన్నవి. విద్యార్థులకు ఆర్థిక సహాయం ఇచ్చునప్పుడు వివాహ స్థితి, సంతానం అనే విషయాలలో స్త్రీకి ఒక నియమం, పురుషునికి ఇంకొక నియమం పెట్టరాదని ఆ నియమాలు చెప్పుచున్నవి. 1974లో వచ్చిన సమాన రుణావకాశాల చట్టం, వివాహ స్థితి కారణంగా రుణం నిరాకరించరాదన్నది. అయినా అక్కడ జీవిత భాగస్వామి ఆదాయాన్ని లెక్కించుట మానలేదు. వివాహమైన విద్యార్థిని తల్లిదండ్రుల నుండి స్వతంత్రుడైనవానిగా పరిగణించి, భార్య లేక భర్త ఆదాయాన్ని చూస్తారు. ముఖ్యమైన విషయమేమనగా, ఈ లెక్క ఆడ, మగ ఇద్దరికీ ఒక్కటే.

దీనివలన తేలునదేమి? జీవిత భాగస్వామి ఆదాయం అడుగుట అనేది దానంతట అదే వివక్ష కాదు. ఒకరిని అడిగి, ఒకరిని అడుగకపోవుట వివక్ష. ఇందుకు నమూనా కొరకు దూరం పోనక్కరలేదు. మన బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ పథకంలో, వివాహితులైన విద్యార్థుల విషయంలో సహ రుణగ్రహీతగా జీవిత భాగస్వామి గాని, తల్లిదండ్రులు గాని, అత్తమామలు గాని ఉండవచ్చునని వ్రాయబడినది. అందులో స్త్రీ పురుష భేదం లేదు.

షరీఅత్ చూపే మార్గం

ఇక ముస్లిం పాఠకులు తెలిసికొనవలసిన ముఖ్య విషయం, ఈ ప్రశ్న ఫిఖ్హ్ పండితులకు క్రొత్తది కాదన్నది. వారు దీనిని ఉపకార వేతనం పేరుతో కాక జకాత్ అధ్యాయంలో చర్చించారు. అక్కడా ప్రశ్న ఇదే: పేద స్త్రీ ధనికుని భార్య అయినచో ఆమెను ధనికురాలిగా లెక్కించవలెనా?

పునాది సూత్రం దివ్య ఖుర్ఆన్‌లో ఉన్నది. అన్నిసా అధ్యాయం 32వ వచనం పురుషులు సంపాదించినదానిలో పురుషులకు, స్త్రీలు సంపాదించినదానిలో స్త్రీలకు భాగమున్నదని తెలుపుచున్నది. అదే అధ్యాయం 4వ వచనం మహర్‌ను స్త్రీకే చెల్లించమని ఆదేశించుచున్నది. వివాహం వలన భార్యాభర్తల ఆస్తులు కలిసిపోవు. ఎవరి సొమ్ము వారిదే.

ప్రవక్త (స) కాలంలోని ఒక సంఘటన దీనిని స్పష్టపరచును. అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) చేతిలో దానం చేయదగినంత సొమ్ము ఉన్నది, భర్త పేదవారు. తన దానం భర్తకు, తన పోషణలోని అనాథలకు ఇవ్వవచ్చునా అని ఆమె అడిగించగా, ఆమెకు రెండింతల పుణ్యమున్నదని, బంధుత్వం నిలిపినందుకు ఒకటి, దానం చేసినందుకు ఒకటి అని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉన్నది. ఇది జకాత్‌కు వర్తించునా, ఐచ్ఛిక దానానికేనా అన్నదానిపై ఇమాం అబూ హనీఫాకు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లకు మధ్య అభిప్రాయభేదం ఉన్నది. మన చర్చకు కావలసినది మాత్రం వివాదం లేనిది: ఒకే కప్పు క్రింద భార్య ఇచ్చే చేయి, భర్త పుచ్చుకొనే చేయి కావచ్చును. ఇల్లు ఒకటైనంత మాత్రాన కలిమి లేములు ఒకటి కావు.

హిజ్రీ 593లో, అనగా క్రీ.శ. 1197లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన హిదాయా హనఫీ ఫిఖ్హ్‌లో ప్రామాణిక గ్రంథం. 1791లో ఛార్లెస్ హామిల్టన్ చేసిన ఆంగ్లానువాదం ద్వారా మన దేశపు న్యాయస్థానాలలో కూడా ఈ గ్రంథం వాడుకలోకి వచ్చినది. ఇందులో జకాత్ పొందదగినవారిని గురించి చెప్పుచు గ్రంథకర్త మూడు స్థితులను వేరుచేశారు. ధనికుని మైనరు బిడ్డకు జకాత్ ఇవ్వరాదు. తండ్రి కలిమి వలన ఆ బిడ్డ కలవానిగానే లెక్క. ధనికుని యుక్తవయస్కుడైన పేద కుమారునికి ఇవ్వవచ్చును. తండ్రి కలిమి అతనిది కాదు. ధనికుని భార్య పేదరాలైనచో ఆమెకూ ఇవ్వవచ్చును; భర్త కలిమి వలన ఆమె ధనికురాలు కాదు, అతడిచ్చే జీవనభృతి మాత్రం చేత కూడా ధనికురాలు కాజాలదు.

ఎనిమిది వందల ఏండ్ల నాటి ఈ విశ్లేషణలో వివాహాన్ని అవసరానికి కొలతగా వాడలేదు. వ్యక్తి చేతిలో ఏమున్నదో దానినే చూచినారు.

ఒక అభ్యంతరం

భార్యను పోషించుట భర్త బాధ్యత గదా, మరి అతని ఆదాయాన్ని లెక్కించిన తప్పేమి అని కొందరు అడుగవచ్చును. భర్త బాధ్యత కాదనలేనిది. తలాఖ్ అధ్యాయం 7వ వచనం కలిగినవాడు తన కలిమిని బట్టి ఖర్చు చేయవలెనని చెప్పుచున్నది. అయితే ఫిఖ్హ్ గ్రంథాలు నఫఖా క్రింద సాధారణంగా లెక్కించేవి తిండి, బట్ట, నివాసం. కాలేజీ ఫీజు వాటిలో లేదు. భర్త సంతోషంతో చెల్లించినచో అది సత్కార్యం. చెల్లించనిచో దానిని హక్కుగా రాబట్టుకొనే మార్గం భార్యకు సులభంగా లేదు. రాబట్టుకొనలేని సొమ్మును ఆమె చేతిలో ఉన్నట్లు లెక్కవేసి సహాయం నిరాకరించుట న్యాయం కాదు.

కర్తవ్యం

ఇట్టి నిబంధనల వలన మరొక కీడు కూడా కలుగుచున్నది. పెండ్లి విషయం దాచిపెట్టి దరఖాస్తు చేయవలెనన్న ఆలోచన పేద కుటుంబాలకు కలుగును. అబద్ధపు ప్రకటన చట్టరీత్యా నేరం, దీన్ రీత్యా పాపం. వివాహం సున్నత్. సున్నత్‌ను దాచవలసిన అవమానంగా మార్చే నియమాన్ని ప్రశ్నించవలెనే గాని, అబద్ధంతో దాటరాదు. మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయానికి ఆదాయ ధ్రువీకరణ కొరకు దరఖాస్తు చేయునప్పుడు, ఏ పథకం కొరకు ఎవరి ఆదాయం అవసరమో ఆ పథకం నియమావళి చూచి వ్రాయవలెను. తిరస్కరించినచో కారణం వ్రాతపూర్వకంగా కోరవలెను. సమాచార హక్కు చట్టం 2005 క్రింద ఆ నిబంధన ప్రతిని అడుగవచ్చును. అవసరమైనచో రాజ్యాంగం 226వ అధికరణం క్రింద తెలంగాణ హైకోర్టును ఆశ్రయించు మార్గమున్నది.

నికాహ్ సమయంలోనే చేయదగిన పని ఒకటి ఉన్నది. వధువు చదువు కొనసాగించునని, ఫీజు ఎవరు భరించవలెనో నికాహ్‌నామాలో షరతుగా వ్రాసుకొనవచ్చును. మహర్ మొత్తం గురించి గంటలకొద్దీ మాట్లాడే పెద్దలు ఈ ఒక్క వాక్యం గురించి నాలుగు నిమిషాలు మాట్లాడినచో ఎన్నో చదువులు నిలుచును.

ప్రభుత్వాన్ని ప్రశ్నించుటకు ముందు మసీదు కమిటీలు, బైతుల్ మాల్ నిర్వాహకులు తమ దరఖాస్తు పత్రాలను ఒకసారి తెరచి చూసుకొనవలెను. అందులో ‘భర్త ఆదాయం’ అన్న గడి ఉండి, ‘భార్య ఆదాయం’ అన్న గడి లేకున్నచో, హిదాయా ఇచ్చిన స్థానాన్ని ముస్లిం సంస్థయే ఆ విద్యార్థినికి నిరాకరించినట్లగును. అడుగవలసిన ప్రశ్నలు మూడు చాలును: ఆమె స్వంత చేతిలో ఏమున్నది? ఫీజును వాస్తవంగా ఎవరు కట్టుచున్నారు? ఎవరూ కట్టనిచో ఎంత తక్కువ పడుచున్నది? ఈ మూడింటినీ అబ్బాయినైనా అమ్మాయినైనా, పెండ్లి అయినా కాకున్నా ఒకే విధంగా అడుగవలెను.

విద్య ఆర్జించుట ప్రతి ముస్లిం బాధ్యత అని మనం నమ్ముచున్నాము. నికాహ్ జరిగిన రోజుతో ఆ బాధ్యత తీరిపోవునని ఏ పండితుడూ చెప్పలేదు. బాధ్యత తీరనప్పుడు, దానికి కావలసిన సహాయాన్ని ఆ రోజుతో ఆపివేయుట సమంజసం కాదు.